గాజు మీద చెమ్మ

లిఫ్టాయన బతుకులో సగం డాబాల మీదే గడిచింది. పాతకాలపు లిఫ్టులకు మోటారు గది మేడ నెత్తిన ఉంటుంది. ఎక్కడ ఏ లిఫ్టు మొరాయించినా, పనిముట్ల సంచీ భుజాన తగిలించుకుని, ఆయాసపడుతూ అన్ని అంతస్తులూ కాలినడకన ఎక్కి ఆ గదికి చేరుకోవాల్సిందే. ఆ లెక్కన ఊళ్లో ఎత్తయిన ప్రతి మేడ మీదా ఆయన నిలబడ్డాడు. అయినా ఒక్కసారి తలెత్తి పైకి చూసిన పాపాన పోలేదు. చూపంతా ఇనుప తాళ్ల మీద, చక్రాల మీద, గ్రీజు పట్టిన బ్రేకు మీద.

ఆయన తల పైకెత్తించినవాడు ఒక బ్యాంకు ఆఫీసరు. ఒక సాయంత్రం ఆ ఆఫీసరు తన టెలిస్కోపుతో డాబా మీదికి పోతుంటే లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లిఫ్టాయన వచ్చి తలుపు సందుకు నోరు ఆనించి, ఇరుక్కుపోయిన వాళ్లందరికీ చెప్పే మాటే చెప్పాడు.

"కంగారు పడకండి. నేనున్నాను. మీరు కదలకుండా కూర్చోండి, అంతే."

కాసేపటికి చెమటలు కక్కుతూ బయటపడ్డ ఆఫీసరు, ఇంటికి పోకుండా నేరుగా డాబా ఎక్కాడు. "మీరూ రండి, ఒకటి చూపిస్తాను" అన్నాడు. ఆ రోజు లిఫ్టాయన చంద్రుణ్ని చూశాడు. పెచ్చులూడిన గోడలా ఉన్న ఆ గుంటల్ని చాలాసేపు చూసి, "ఇంత పాడైపోయే దాకా ఎవరూ పట్టించుకోలేదా అండీ" అన్నాడు. ఆఫీసరు పడీపడీ నవ్వాడు. అప్పటినుంచి ఆ మేడలో లిఫ్టుకు ఏ పనున్నా అది సాయంత్రానికే పడేది.

లిఫ్టాయన ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాదే ఆ ఆఫీసరు డాబా లేని ఇంటికి మారాడు. పోతూ పోతూ టెలిస్కోపును ఈయన చేతుల్లో పెట్టాడు. లావుపాటి పొట్టి గొట్టం అది. ముందువైపు పళ్లెమంత గాజు, వెనకవైపు అద్దం. చంటిపిల్లను తెచ్చుకున్నట్టు గుండెకు ఆనించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుకు రైలింజను నడుపుతాడు, ఎప్పుడు ఏ ఊళ్లో ఉంటాడో అతనికే తెలియదు. కోడలు కింది ముందుగదిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. భార్య పోయి చాలా ఏళ్లయింది. చిన్న ఆపరేషన్, మూడో రోజుకల్లా ఇంటికి పంపేస్తాం అని ఆస్పత్రివాళ్లు చెప్పారు. ఆవిడ తిరిగి రాలేదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ ఎత్తడు. ఆస్పత్రి ఉన్న వీధిలోంచి మాత్రం పోడు, చుట్టుదారైనా సరే.

మొదటి చలికాలంలోనే ఆయనకు మంచుతో పరిచయమైంది. పొద్దుగూకాక గొట్టం బిగించి గురుగ్రహం మీదికి తిప్పాడు. కాసేపు బాగానే కనిపించింది. తర్వాత మసకబారింది, ఆ తర్వాత పాలలో ముంచినట్టు అయిపోయింది. ముందుకొచ్చి చూస్తే గాజు నిండా సన్నటి నీటి పొర. చొక్కా అంచుతో గబగబా తుడిచేశాడు. అవతల ఫోన్లో ఈ మాట విన్న ఆఫీసరు ప్రాణం ఉసూరుమంది.

"తుడిచారా? అయ్యో, గీతలు పడతాయి కదండీ. దాన్ని ఎప్పుడూ తుడవకూడదు."

"మరి నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయండీ? వాన లేదు, ఏమీ లేదు."

ఆఫీసరు ఓపిగ్గా చెప్పాడు. ఆకాశం వైపు తెరిచిన గాజు తన వేడినంతా పైకి వదిలేసుకుంటుంది. చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. అప్పుడు గాలిలో ఉన్న తేమ దానిమీద వాలుతుంది, చల్లటి నీళ్ల గ్లాసుకు బయట చెమ్మ పట్టినట్టు. లిఫ్టాయనకు సగం బరువు దిగింది. కారణం తెలిసిన జబ్బు ఆయన దృష్టిలో జబ్బే కాదు, పని. పనంటే ఆయనకు భయం లేదు.

ముందు కోడలు పక్కన పడేసిన వ్యాయామం చాపను అడిగి తీసుకున్నాడు. దాన్ని గొట్టం చుట్టూ చుట్టి, గాజు ముందుకు మూరెడు పొడుగున టోపీలా బిగించాడు. దాంతో మంచు ఆలస్యమైంది కానీ ఆగలేదు. తర్వాత ఆయన కన్ను పార్లర్‌లోని హెయిర్ డ్రయ్యర్ మీద పడింది.

ఒక సాయంత్రం కోడలు మెట్లు దబదబా ఎక్కి పైకి వచ్చింది. కింద కుర్చీలో ఒకావిడ తడిజుట్టుతో కూర్చుని ఉంది.

"మామయ్యా, డ్రయ్యర్ మీ దగ్గరుందా?"

"ఒక్క నిమిషం అమ్మా. గాజు ఆరిపోవస్తోంది."

"అక్కడ ఆవిడ తల కూడా ఆరాలండీ. పెళ్లికి వెళ్లాలంటోంది."

"ఆవిణ్ని కూడా పైకి పిలువు. ఇద్దరికీ కలిపి గాలి కొడతాను."

కోడలికి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వే గెలిచింది. "జనం శని వదిలితే చాలనుకుంటారు, మా మామయ్య సాయంత్రం అయ్యేసరికి వెతుక్కుని మరీ చూస్తారు" అని కిందికి పోయి ఆ తడిజుట్టావిడకు చెప్పింది. ఆ మాట వీధంతా తిరిగి మళ్లీ లిఫ్టాయన చెవిన పడింది. ఆయన కూడా నలుగురికి చెప్పుకుని నవ్వుకున్నాడు.

అలా అని పార్లర్ సామాను మీద ఎన్నాళ్లు బతుకుతాడు? పాత ఇస్త్రీపెట్టెలోంచి తీసిన తీగను నాడాలో కుట్టి, బ్యాటరీకి తగిలించి, గాజు చుట్టూ తిరిగేలా ఒక వెచ్చటి పట్టీ తయారుచేశాడు. మొదటిరోజు వేడి ఎక్కువైంది. మంచు దగ్గరికి రాలేదు గానీ, గ్రహం పొయ్యి మీది నీళ్లలో పడ్డట్టు తెగ మరిగిపోయింది. గాజు చుట్టుపక్కల గాలికన్నా రవ్వంత వెచ్చగా ఉండాలి, అంతకు మించకూడదు. ఆ రవ్వంత ఎంతో పట్టుకోవడానికి ఆయనకు చలికాలమంతా పట్టింది. గొట్టం లోపల కూడా ఇంటి వేడి నిలవ ఉండిపోతుందని తెలుసుకున్నాడు. అందుకని ఎండ దిగగానే గొట్టాన్ని డాబా మీదికి తెచ్చి నీళ్ల ట్యాంకు నీడలో పెట్టి, వెనకాల పాత కంప్యూటర్లోని చిన్న ఫ్యాను తిప్పేవాడు. పని అయ్యాక తడి ఆరేదాకా మూత పెట్టేవాడు కాదు. మూత పెడితే లోపల బూజు పడుతుంది.

మరుసటి ఏడు వానలు వెళ్లేదాకా ఆయనంత సుఖపడ్డవాడు లేడు. శనిగ్రహం ఉంగరానికీ, నడిమి గుండుకీ మధ్య ఉండే నల్లటి సందును చూసి, బాగా ఆయిలు పట్టిన బేరింగును చూసినంత తృప్తిగా నిట్టూర్చేవాడు.

చలికాలం మళ్లీ వచ్చింది. గురుగ్రహం చుట్టూ పల్చటి వెలుగు వలయం కనిపించడం మొదలైంది. మంచే అనుకున్నాడు. పట్టీ వేడి పెంచాడు. వలయం పోలేదు. టోపీ పొడుగు పెంచాడు. కొత్త ఫ్యాను వేశాడు. బ్యాటరీ మార్చాడు. కంటి దగ్గర పెట్టుకునే చిన్న కటకం తన ఊపిరికి మసకబారుతోందేమోనని ఊపిరి బిగపట్టి చూశాడు. దగ్గొచ్చింది తప్ప లాభం లేకపోయింది.

యంత్రం చెడితే తప్పు దొరికేదాకా ఒక్కొక్క భాగమే మార్చి చూడటం ఆయన పద్ధతి. అన్నీ మార్చాక కూడా దొరకకపోయేసరికి తప్పును బయట వెతకసాగాడు. డాబా మీద తీగకు పార్లర్ తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి.

"ఈ తడంతా ఎక్కడికి పోతుందనుకున్నావమ్మా? పొద్దస్తమానం ఇక్కడ తడిగుడ్డలు ఆరేస్తే గాజుకు చెమ్మ పట్టక ఏం చేస్తుంది?"

"మధ్యాహ్నానికే ఆరిపోతాయి మామయ్యా."

"నీకు తెలీదు. ఇక మీద ఇక్కడ ఆరెయ్యొద్దు."

ఆయన ఆమెతో ఎప్పుడూ అంత కటువుగా మాట్లాడింది లేదు. కోడలు తువ్వాళ్లన్నీ చేతిమీద వేసుకుని కిందికి వెళ్లిపోయింది. మర్నాటినుంచి అవి పార్లర్ వెనక ఉన్న ఇరుకు గదిలో ఆరాయి. వలయం మాత్రం అలాగే ఉంది.

ఎండలు ముదిరాయి. గాలిలో తడన్నమాట లేదు. పెదాలు పగిలిపోతున్నాయి, తలుపు చెక్కలు ఎండి కిర్రుమంటున్నాయి. శనిగ్రహం మళ్లీ సాయంకాలపు ఆకాశంలోకి వచ్చింది. లిఫ్టాయన ఆశగా చూశాడు. చూస్తే పసుపు రాసినట్టు ఒక ముద్ద. లేచి ముందుకొచ్చి గాజును వేలి వెనకభాగంతో తాకీ తాకనట్టు తాకాడు. కాగితంలా పొడిగా ఉంది.

అప్పుడే కోడలు మజ్జిగ గ్లాసు తీసుకుని పైకి వచ్చింది.

"ఒకసారి ఇలా వచ్చి చూడమ్మా" అన్నాడు. "ఏం కనిపిస్తోంది?"

ఆమె వంగి ఒక కన్ను మూసి చూసింది. "ఉంగరం. మధ్యలో గుండు. రెంటికీ మధ్య నల్లటి సందు. పక్కనే చిన్న చుక్క కూడా ఉంది."

ఆ సందు కనబడుతుందని తనే ఆమెకు ఎన్నోసార్లు చెప్పాడు. విన్నది అప్పజెబుతోందేమో అనిపించింది. గొట్టాన్ని ఇంకో పక్కకు తిప్పాడు. అక్కడ జంట నక్షత్రం ఒకటి ఉంది. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. ముందు తను చూశాడు, జుట్టు విరబోసుకున్నట్టు ఒకటే వెలుగు. పక్కకు జరిగి, "ఇప్పుడు?" అన్నాడు.

"ఇవేంటి, రెండున్నాయి. పెద్దది బంగారు రంగు. చిన్నది నీలం. భలే ఉన్నాయి మామయ్యా."

లిఫ్టాయన ట్యాంకు కట్ట మీద కూర్చుండిపోయాడు. అన్నీ మార్చి చూశాడు, ఒక్క తన కన్ను తప్ప.

కోడలు తల తిప్పి ఆయన మొహం చూసింది. ఆమెకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"అనుమానం వచ్చింది. మీరు టీ గ్లాసులో పొయ్యబోయి పళ్లెంలో పోశారొకసారి. వీధిలైటు చుట్టూ కూడా మంచు పట్టిందన్నారు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే వినేవారా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "వినేవాణ్ని కాదులే" అన్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. డాక్టరు మాట ఎత్తేసరికి ఆయన మనిషే మారిపోయాడు. ఎండలు తగ్గనివ్వమన్నాడు. తర్వాత వానలు రానివ్వమన్నాడు. కొడుకు ఇంటికి వచ్చిన రోజున గట్టిగా అడిగితే, కళ్లజోడు మార్చుకుంటే అదే సర్దుకుంటుందిలే అని విసుక్కుని అవతలికి పోయాడు. టెలిస్కోపును మంచం కిందికి తోసేశాడు. సాయంత్రమైతే డాబా ఎక్కడం మానేసి, వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయే బళ్లను వినడం మొదలుపెట్టాడు. చూడటం కాదు, వినడమే. చీకటి పడితే హెడ్‌లైట్లు ఒక్కొక్కటీ పొద్దుతిరుగుడు పువ్వంత విప్పారి, వెనకాల బండేదో మనిషేదో తెలియకుండా పోయేది.

ఒకరోజు పార్లర్ మూసేశాక కోడలు వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"మామయ్యా, ఒకటి అడుగుతాను. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లకి మీరేం చెప్పేవారు?"

"ఏం చెప్తాను? కంగారు పడకండి, నేనున్నాను, కదలకుండా కూర్చోండి అని."

"నిజంగా కంగారు లేకుండా కూర్చునేవారా?"

"ఎక్కడ? తలుపులు బాదేవాళ్లు. ఏడ్చేవాళ్లు. ఒకాయనైతే తన ఆస్తిపాస్తులు ఎవరికి చెందాలో లోపల్నుంచి అరిచి చెప్పాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆమె నెమ్మదిగా అంది.

"అత్తయ్యకి జరిగింది నాకు తెలుసు. ఆ రోజు మిమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి ఎవరూ ఏమీ చెప్పలేదని మీ అబ్బాయి చెప్పారు. ఈసారి అలా కాదు. నేను వస్తాను. డాక్టర్ని అడగాల్సినవన్నీ నేనడుగుతాను. మీరు కదలకుండా కూర్చోండి, అంతే."

భార్య పోయాక ఆ వరండా సంగతి ఇంట్లో మళ్లీ వినపడటం అదే మొదలు. లిఫ్టాయన వీధివైపే చూస్తూ, "పార్లర్ మూసెయ్యాల్సి వస్తుందేమో" అన్నాడు.

"ఒకరోజు జుట్టు కత్తిరించకపోతే ఎవరి కొంపా మునగదు."

కంటి డాక్టరు పడుచుపిల్ల. మాట మెత్తగా ఉంది. రెండు కళ్లలోనూ శుక్లం ముదిరిందని, కంటిలోపలి కటకం మసకబారింది కాబట్టి దాన్ని తీసేసి కొత్తది పెడతామని, ముందు కుడికన్ను, నెలా రెండు నెలలు ఆగి ఎడమకన్ను చేస్తామని చెప్పింది. కోడలు అడగాల్సినవి అడిగింది. అడగక్కర్లేనివి కూడా అడిగింది. ఆఖర్న లిఫ్టాయన గొంతు సవరించుకున్నాడు.

"మా లిఫ్టు పనిలో ఒక పద్ధతుందమ్మా. ఏ భాగం మార్చినా పాతది తీసి ఇంటివాళ్ల చేతికివ్వాలి. నిజంగా మార్చామని నమ్మకం కోసం."

డాక్టరు నవ్వింది. "పాతది లోపలే పొడి చేసి పీల్చేస్తామండీ. ఇవ్వడానికి ఏమీ మిగలదు."

"అయితే మీ మాటే నమ్మాలన్నమాట" అన్నాడాయన.

ఆపరేషన్ రోజున బల్ల మీద పడుకుని, పైన నీళ్లలో కదిలినట్టు కదిలే దీపాలను చూస్తుంటే, ఆయన గుండె తలుపులు బాదినట్టే బాదుకుంది. బయట వరండాలో ఎవరున్నారో తెలుసు కాబట్టి కదలకుండా పడుకున్నాడు. అనుకున్నదానికన్నా ముందే అయిపోయింది.

మర్నాడు కంటిమీది కప్పు తీశారు. ముందు గోడ కనిపించింది. ఆ తెలుపులో నీలం కలిసినట్టుంది. ఇన్నాళ్లూ ఆ గోడ మాసిన పసుపు అనుకుంటున్నాడు. తర్వాత కోడలు మొహం కనిపించింది. కళ్లకింద నల్లటి చారలు. చెవుల పక్కన తెల్ల వెంట్రుకలు, ఒకటీ అరా కాదు, పాయలుగానే. వీధిలో ఆడవాళ్లందరి తలలూ నల్లబరిచే మనిషి! ఈ ఇంటికి వచ్చిన అమ్మాయి ఎప్పుడు ఇంత పెద్దదైపోయింది? ఆయన చూడలేదు. చూడలేక కొంత, చూడక కొంత.

"ఏంటి మామయ్యా, అలా చూస్తున్నారు? కనిపిస్తోందా లేదా?"

"కనిపిస్తోంది" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆయన చూపు పడిన చోటల్లా ఏదో ఒకటి బయటపడింది. గిన్నెలకు తాను తోమినా వదలని జిడ్డు. గుండీ తప్పిన చొక్కా. ఒక మధ్యాహ్నం పార్లర్ వెనక గదిలోకి వెళ్లాడు. తాళ్ల నిండా తువ్వాళ్లు వేలాడుతున్నాయి. ముక్కిపోయిన వాసన. గోడ మీద నేల నుంచి నడుందాకా నల్లటి బూజు. చెయ్యి ఆనిస్తే తడి తగిలింది.

"ఇదెప్పట్నుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగాడు వెనకాలే వచ్చిన కోడల్ని.

ఆమె తువ్వాళ్లు మడతపెడుతూ, "చలికాలం నుంచి" అంది. దెప్పినట్టు అనలేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

గాజుకు చెమ్మ పట్టకూడదని ఇల్లంతా చెమ్మ పట్టించాడు. నిజానికి గాజుకు పట్టిందీ లేదు.

"నాదే పొరపాటు. ఆ రోజు నిన్ను అనవసరంగా అన్నాను."

కోడలు ఆగింది. ఆ ఇంట్లో మామగారి నోట ఆ మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు. "ఆ రోజు నాకు ఏడుపొచ్చింది" అంది నిజాయితీగా. "తర్వాత మీకు కనబడటం లేదని తెలిశాక మిమ్మల్ని చూస్తే వచ్చింది." అని మడతపెట్టిన తువ్వాళ్లు ఆయన చేతుల్లో పెట్టి, "ఇవి బరువు కాదు. డాక్టరు బరువే వద్దంది, ముందుగదిలో పెట్టండి" అని పురమాయించింది.

వంగడానికి, బరువెత్తడానికి డాక్టరు ఒప్పుకున్న రోజే లిఫ్టాయన పాత సంచీ విప్పాడు. డాబా పిట్టగోడ నుంచి పార్లర్ పెరటి గుమ్మందాకా రెండు కప్పీలు, ఒక తాడు వేసి బిగించాడు. కోడలు కిందే నిలబడి తడి తువ్వాళ్లు తగిలించి తాడు లాగితే చాలు, అవి ఒకదాని వెనక ఒకటి పైకి, ఎండలోకి పోతాయి. మెట్లెక్కే పని తప్పింది. కొడుకు సెలవుకు వచ్చి బూజు పట్టిన గోడకు కొత్త సున్నం వేశాడు. పార్లర్‌కు వచ్చే ఆడవాళ్లు జుట్టు సంగతి మరిచి పెరట్లో ఆ తాడు లాగి చూసి పోయేవాళ్లు.

వానలు వెనక్కి తగ్గాయి. ఆకాశం కడిగినట్టు తేరుకుంది. ఒక సాయంత్రం కోడలే మంచం కింద నుంచి టెలిస్కోపు లాగింది. ఆయన వెనకాలే మెట్లెక్కుతూ, జాగ్రత్త, గాజువైపు పట్టుకోకు, అడ్డంగా వద్దు అని నస పెడుతుంటే, "పార్లర్‌కొచ్చేవాళ్ల చంటిపిల్లల్ని ఎత్తుకున్నదాన్నే, మీరు మెట్లు చూసి రండి" అంది. నీడలో పెట్టి ఫ్యాను తగిలించింది. లోపలి వేడి పోయేదాకా ఇద్దరూ ట్యాంకు కట్ట మీద కూర్చుని కబుర్లాడారు. గాలి నిండా తేమ ఉంది, పిట్టగోడ అప్పుడే చల్లగా తగులుతోంది. ఆమె లేచి గాజును పక్కనుంచి ఒకసారి చూసి, పట్టీకి వేడి రవ్వంత పెంచింది. ఎంత పెంచాలని ఆయన్ని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆయన కుడికన్ను ఆనించాడు. ఉంగరం కత్తితో కోసినట్టుంది. దానికీ గుండుకీ మధ్య నల్లటి సందు. పక్కన చుక్క ఒకటి కాదు, రెండున్నాయి. తర్వాత ఎడమకన్ను పెట్టి చూశాడు. అదే పసుపు ముద్ద, అదే వెలుగు వలయం. మళ్లీ కుడి. మళ్లీ ఎడమ. కాసేపు అలా మారుస్తూనే ఉన్నాడు. ఒకే మనిషికి ఒకే చోట రెండు ఆకాశాలు.

"ఎలా ఉంది?" అంది కోడలు.

"రేపు పొద్దున డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. రెండోది ఎప్పుడు చేస్తుందో కనుక్కో."

"నేనెప్పుడంటే అప్పుడు వస్తారా?"

"వస్తాను. నువ్వు వరండాలో ఉంటావుగా." అని ఆయన స్టూలు వదిలి పక్కకు జరిగాడు. "ముందు నువ్వు కూర్చుని చూడు. ఇంకాసేపుంటే అది ఆ ఎదుటి మేడ వెనక్కి పోతుంది."